మునగాకు పొడి: ఎండకు రంగు పోతోంది, దాంతోపాటు విటమిన్ ఎ కూడా పోతుందా?

పొదిలి_గ్రూపు:
డ్వాక్రా గ్రూపు తరఫున మునగాకు పొడి చేసి అమ్ముతున్నాం. డాబా మీద ఎండలో ఆరబోస్తే ఒక్క రోజుకే ఆకు పెళపెళలాడుతుంది గానీ పాలిపోయి గడ్డిరంగుకు తిరుగుతోంది. నీడన వేస్తే పచ్చగా ఉంటోంది, అయితే కొన్ని వాయిల్లో ముక్కిన వాసన వస్తోంది. రంగు పోతే అందులో ఉండే విటమిన్ ఎ పోయినట్టేనా? చింతపండు వేసి వండినప్పుడు కూడా ఆకు రంగు మారుతుంది కదా, అదీ నష్టమేనా? ఇంకోటి, కొనేవాళ్లు చాలామంది గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగుతామంటున్నారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా?

కావలి_కెమిస్ట్రీ:
అక్కా, ఆ రెండు రంగుమార్పులూ ఒకటి కావు. ఆకులో కంటికి కనిపించే పచ్చరంగు క్లోరోఫిల్. దాని చాటున పసుపు, నారింజ రంగు కెరోటినాయిడ్లు ఉంటాయి. మన ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ వాటిలోదే. చింతపండు పులుపుకు, పొయ్యి వేడికి క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం ఊడిపోయి ఆకు ముదురాకుపచ్చ నుంచి బూడిదపచ్చకు మారుతుంది. కెరోటిన్‌కు దాంతో పెద్దగా నష్టం లేదు. పచ్చదనం నిలవాలంటే ఆకు ఉడికాకే పులుపు వేయండి. అంతేగానీ వంటసోడా వేయొద్దు. సోడాతో రంగు నిలుస్తుంది గానీ విటమిన్ సి, బి1 దెబ్బతింటాయి.

ఎండ సంగతి వేరు. వెలుతురు, గాలి కలిసి కెరోటిన్‌నే విరగ్గొడతాయి. పైగా కోసిన ఆకులో లైపాక్సిజనేజ్ అనే ఎంజైమ్ ఆరేదాకా పనిచేస్తూ కెరోటిన్‌ను పాడుచేస్తుంది. కాబట్టి ఇలా చేయండి. ఈనెలు తీసి, కడిగిన ఆకును 200 గ్రాముల చొప్పున చిల్లుల గిన్నెలో వేసి, 5 లీటర్ల మసిలే నీళ్లలో ఒక నిమిషం ముంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చండి. విటమిన్ సి కొంత నీళ్లలోకి పోతుంది. కెరోటిన్ నీళ్లలో కరగదు, ఆకులోనే ఉండిపోతుంది. నీరంతా ఓడిపోయాక చెక్క ఫ్రేముకు బిగించిన వల మీద పలచగా ఒకే పొరగా పరిచి, నీడలో ఫ్యాను గాలికి పెట్టండి. కింద నుంచి కూడా గాలి ఆడాలి. ముక్కిన వాసనకు కారణం అక్కడే ఉంది: నేల మీద గుడ్డ పరిచి మందంగా పోస్తే అడుగు ఆకు చెమ్మతోనే ఉండిపోతుంది. డ్రయ్యర్ ఉంటే 50 డిగ్రీలు దాటనివ్వకండి.

నలిపితే పొడి కావాలి, సన్నటి కాడ పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. కొత్తపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అయితే రాత్రిళ్లు ఆకు మళ్లీ చెమ్మ లాగుతుంది, చీకటి పడేలోపు లోపల పెట్టాలి. మిక్సీ వేడికి పొడి కూడా వేడెక్కుతుంది. పూర్తిగా చల్లారకుండా ప్యాక్ చేస్తే ఆ ఆవిరే లోపల నీరై బూజు పడుతుంది. అన్నీ సరిగ్గా చేస్తే కిలో ఆకుకు 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ పొడి వస్తుంది. పారదర్శకంగా ఉండే కవర్లు వద్దు. అంగట్లో ట్యూబులైటు కింద వేలాడదీసినా వెలుతురు పని వెలుతురు చేస్తూనే ఉంటుంది. రేకు లైనింగ్ ఉన్న పౌచ్ వాడండి.

ఒంగోలు_డైట్:
నీళ్లలో కలుపుకునే విషయం నేను చెబుతాను. పొడి మొత్తం మింగితే పీచు, కొంత ఇనుము, కాల్షియం వస్తాయి. కెరోటిన్ మాత్రం కొవ్వులో కరిగేది. నూనె లేకుండా ఖాళీ కడుపున తాగితే పేగు దాన్ని పెద్దగా పీల్చుకోదు. కాచి వడకట్టిన మునగాకు టీ అయితే ఇంకా దండగ, కెరోటిన్ అంతా పారేసే పిప్పిలోనే ఉంటుంది.

అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2004లో దీన్ని పరీక్షించి చూశారు. కూరగాయల సలాడ్ పెట్టి, గంటగంటకూ రక్తం తీసి, రక్తంలో కెరోటినాయిడ్లు పెరిగి తగ్గే గీత కింద ఉన్న వైశాల్యాన్ని లెక్కగట్టారు. లెక్కల్లో సమాకలనం అంటామే, అదే. ఏదో ఒక గంటలో ఎంత ఉందని కాకుండా మొత్తం ఎంత లోపలికి చేరిందో దాంతో తెలుస్తుంది. కొవ్వు లేని సలాడ్‌తో వచ్చింది దాదాపు సున్నా. నూనె పెంచేకొద్దీ వైశాల్యం పెరిగింది.

మనిషికి పూటకు 3 నుంచి 5 గ్రాముల కొవ్వు చాలు, అంటే ఒక టీస్పూను. అన్నంలో మునగాకు పొడి కలుపుకుని నెయ్యి వేసుకుంటే పని అయిపోతుంది. మీ పొడిలోనే వేయించిన నువ్వులో వేరుశెనగపప్పో కలపండి. 10 గ్రాముల పప్పులో 5 గ్రాములకు దగ్గరగా కొవ్వు ఉంటుంది. కాకపోతే ఆ రకం త్వరగా కనరు వాసన వస్తుంది, తక్కువ తక్కువగా చేసుకోండి. లేబుల్ మీద విటమిన్ ఎ లెక్క వేసేటప్పుడు ఆహారంలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌ను 1 మైక్రోగ్రాము విటమిన్ ఎ కింద తీసుకోవాలి.

పొదిలి_గ్రూపు:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ థ్యాంక్స్. ఒకావిడ తన రెండేళ్ల పాపకు రోజూ క్యారెట్, బొప్పాయి, మా పొడి పెడుతోందట. అరచేతులు పసుపు రంగుకు తిరిగాయని కంగారుపడుతోంది. ఆపేయమని చెప్పాలా?

ఒంగోలు_డైట్:
కళ్లు చూడమనండి. కనుగుడ్డు తెల్లగానే ఉండి, అరచేతులు, అరికాళ్లు మాత్రమే పచ్చబడితే అది కెరోటిన్ చర్మంలో చేరడం, హాని లేదు. క్యారెట్, బొప్పాయి తగ్గిస్తే కొన్ని వారాల్లో పోతుంది. కళ్లు కూడా పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా అది కామెర్ల లక్షణం, అదే రోజు డాక్టరుకు చూపించాలి. తిండిలోని కెరోటిన్‌ను ఒళ్లు తనకు కావలసినంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది కాబట్టి విటమిన్ ఎ ఎక్కువై విషమవుతుందన్న భయం అక్కర్లేదు.

బీటా కెరోటిన్ మాత్రలకు ఈ మాట వర్తించదు. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరిశోధన ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. బీడీ, సిగరెట్, చుట్ట తాగేవాళ్లెవరైనా కంటిచూపు కోసమని ఆ మాత్రలు కొంటుంటే వద్దని గట్టిగా చెప్పండి. కూరగా వండుకున్న మునగాకు వాళ్లూ తినొచ్చు.

కావలి_కెమిస్ట్రీ:
ఒకటి చేర్చాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు మీ దగ్గర కొంటే, డాక్టరును అడక్కుండా పొడి మొదలుపెట్టొద్దని, మధ్యలో మానొద్దని చెప్పండి. ఆకులోని విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. ప్యాకెట్ వెనక ఈ ఒక్క లైను తెలుగులో, చదవగలిగే సైజులో వేయించండి.