వైరస్ పోయాక కూడా పిల్లికూతలు ఎందుకు వస్తాయి?

ప్రశ్న: మా పాపకు 5 నెలల వయసులో ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) సోకింది. డొక్కలు ఎగరేస్తూ, పాలు కూడా తాగలేక, 4 రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇప్పుడు మూడేళ్లు నిండినా, మామూలు జలుబు చేసిన రెండో రాత్రికల్లా ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి. వైరస్ ఎప్పుడో పోయింది కదా, మరి ఊపిరితిత్తుల్లో మిగిలింది ఏమిటి? ఇది ఉబ్బసంగా మారుతుందా?

జవాబు 1: వైరస్ పోయినా, దాన్ని తరమడానికి మొదలైన రక్షణ చర్య ఒక్కోసారి ఆగదండీ. శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతిన్నప్పుడు ఆ కణాల నుంచి ఐఎల్-33 అనే సంకేత ప్రోటీన్ వెలువడుతుంది. దాన్ని అందుకున్న రోగనిరోధక కణాలు ఐఎల్-13 అనే మరో సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తే, కళ్లె తయారుచేసే కణాలు పెరిగి, నాళం చుట్టూ ఉన్న కండరం చిన్న కారణానికే బిగుసుకుంటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హోల్ట్జ్‌మన్ అనే పరిశోధకుని బృందం ఎలుకలకు, వాటి శ్వాసనాళాలకు సోకే సెండాయ్ వైరస్‌ను ఎక్కించి చూసినప్పుడు, వైరస్ తొలగిపోయిన కొన్ని వారాల తరువాత కూడా ఈ మార్పులు కొనసాగాయి. పైగా పసిపిల్లల నాళాలు అసలే సన్నం. వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి అడ్డు సుమారు 16 రెట్లవుతుంది కాబట్టి, కాస్త కళ్లె చేరినా కూత వినిపిస్తుంది.

జవాబు 2: పై వివరణ సరైనదే కానీ, ఎలుకలో చూసినదాన్ని నేరుగా పాపకు అన్వయించడానికి నేను వెనకాడతాను. నెదర్లాండ్స్‌లో నెలలు నిండకుండా పుట్టిన 429 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, ఆర్‌ఎస్‌వీని అడ్డుకునే పాలివిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకున్నవారికి తొలి ఏడాదిలో పిల్లికూతల రోజులు 61 శాతం తగ్గాయి. అయితే ఆరేళ్ల వయసులో ఊపిరితిత్తుల పనితీరు మాత్రం ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ ఒకేలా ఉంది. అంటే వైరస్ కొందరిలో జబ్బును కలిగించడం కన్నా, ముందే ఉన్న బలహీనతను బయటపెడుతూ ఉండవచ్చు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పిల్లలపై జరిగిన అధ్యయనంలోనైతే, తొలి మూడేళ్లలో జలుబు కలిగించే రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవారికే ఆరేళ్లకు ఉబ్బసం ముప్పు ఎక్కువగా, దాదాపు 10 రెట్లు, కనిపించింది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం గానీ, పాపకు ఎగ్జిమా వంటి దురద పెట్టే చర్మపు అలర్జీ గానీ ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు: మా వారికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది. పాపకు మోచేతి మడతల్లో దురద మచ్చలు వస్తుంటాయి. ఈ రెంటికీ సంబంధం ఉంటుందని అనుకోలేదు.

జవాబు 2: అయితే ఉబ్బసం ముప్పును అంచనా వేయడానికి ఆ రెండూ పిల్లల వైద్యునికి తప్పక చెప్పండి. జలుబు లేని రోజుల్లో, నవ్వినప్పుడో పరుగెత్తినప్పుడో దగ్గు వస్తోందేమో కూడా గమనించి రాసి పెట్టుకోండి. జలుబుతో మాత్రమే కూతలు వచ్చే పిల్లల్లో చాలామందికి ఆరేళ్లకల్లా తగ్గిపోతాయి.