కొత్త ఫోన్, డేటా ప్లాన్: ముందు ఏది తేల్చుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కొత్త ఫోన్ కోసం వెతుకుతున్నాను, చూసేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకే పేరుకి చివర ప్రో, ప్లస్, లైట్ తగిలించి నాలుగు రకాలు! పోనీ ఫోన్ సంగతి ఒక కొలిక్కి వచ్చిందనుకుంటే, ప్లాన్ దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది. ఒకటి రోజుకి 2 జీబీ, ఇంకోటి నెలకి 50 జీబీ, మూడోది అన్‌లిమిటెడ్ అంటూనే పక్కన చుక్క గుర్తు. దేన్ని దేనితో పోల్చాలో తెలియడం లేదు. ఇంట్లో వైఫై ఉంది. బయట ఉన్నప్పుడు మ్యాప్స్, పాటలు, వీడియో కాల్స్, కాస్త వీడియోలు చూడటం, అంతే. ట్యాబ్ కూడా కొనాలనుంది. సిమ్ వేసేది తీసుకోవాలా, వద్దా?

జవాబు:
ఫోన్ల పేజీలు కాసేపు మూసేయండి. ముందు తేలాల్సింది నెట్‌వర్క్. మీరు రోజూ ఎక్కువసేపు ఉండే గదిలో, పనిచేసే చోట ఎవరి సిగ్నల్ నిలకడగా ఉందో చూడండి. కంపెనీల కవరేజీ మ్యాప్‌లో రంగు కనిపించినంత మాత్రాన నాలుగు గోడల మధ్య సిగ్నల్ ఉన్నట్టు కాదు. 700 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ చాలా దూరం వెళ్తుంది, గోడల్ని దాటుకుని లోపలికీ వస్తుంది. 5జీకి ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. అందుకే వీధిలో ఎగిరిపడే 5జీ పడగ్గదిలోకి వచ్చేసరికి 4జీ అయిపోతుంది. ఇంటికి వచ్చిన చుట్టాల ఫోన్లలో వేరే కంపెనీ సిమ్ ఉంటే స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. ఏ ప్రకటనా చెప్పని నిజం అక్కడ తెలుస్తుంది.

తర్వాత ఇప్పుడున్న ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరవండి. ఏ యాప్ ఎంత తిన్నదో వరసగా ఉంటుంది. వైఫై లెక్క కలపకుండా మొబైల్ డేటా ఒక్కటే చూడండి. ఆ అంకె తెలియకుండా ప్లాన్లు పోల్చడం కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడం లాంటిదే.

ఇంకొకరి జవాబు:
అన్‌లిమిటెడ్ పక్కన చుక్క గురించి. పరిమితి దాటాక వేగం ఎంతకి పడిపోతుందో ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. 64 కేబీపీఎస్ అని ఉంటే సెకనుకి 8 కిలోబైట్లు మాత్రమే. అంటే ఒక ఎంబీ ఫొటో రావడానికి రెండు నిమిషాలు పైనే. దాన్ని ఇంటర్నెట్ అనడం కూడా దండగ. అదే 1 ఎంబీపీఎస్ అయితే పాటలు వినొచ్చు, మ్యాప్స్ నడుస్తాయి, పని ఆగదు. నా వరకు ప్లాన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే, కానీ పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయరు.

ఎంబీపీఎస్‌లో ఉన్నది బిట్లు, బైట్లు కావు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 ఎంబీ.

మరొకరు:
పై ఇద్దరూ చెప్పింది బాగుంది కానీ ఫోన్ సంగతి వదిలేశారు. ఒకే పేరుతో వచ్చే ఫోన్‌లో దేశాన్ని బట్టి బ్యాండ్లు, అంటే అది అందుకోగల ఫ్రీక్వెన్సీలు, మారతాయండీ. వేరే దేశం నుంచి తెప్పిస్తున్నా, సెకండ్ హ్యాండ్ తీసుకుంటున్నా పేరు చూసి సరిపెట్టుకోకండి. మోడల్ నంబరు పట్టుకుని అందులో ఏ బ్యాండ్లు ఉన్నాయో, మీ నెట్‌వర్క్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి, పనిచేస్తుందో చూడండి. లేకపోతే నెట్ వచ్చినా కాల్ వెళ్లకపోవచ్చు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర్లో 3జీ ఆపేసినప్పుడు, 4జీ మీద అత్యవసర కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌లోకే రానివ్వలేదు. ఫోన్ ఏదో ఒక కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉందేమో కూడా కొనకముందే అడగండి.

ర్యామ్ 8 ప్లస్ 8 జీబీ అని రాస్తే మోసపోకండి. రెండో 8 స్టోరేజీ నుంచి అప్పు తెచ్చింది, అసలు ర్యామ్ అంత వేగం దానికి ఉండదు. కెమెరా మెగాపిక్సెల్స్ గురించి అసలు మాట్లాడను, అదో పెద్ద గోల. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది మాత్రం తప్పకుండా చూడండి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 వచ్చినప్పుడు ఏడేళ్లు ఇస్తామన్నారు. అంత ఇవ్వని ఫోన్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
సెట్టింగ్స్ చూశాను. నెలకి మొబైల్ డేటా 14 జీబీ. అందులో సగానికి పైగా ఒకే యాప్, నేను స్క్రోల్ చేస్తుంటే వాటంతట అవే ఆడే వీడియోలు! మామూలు రోజుల్లో వాడకం పెద్దగా లేదు, ప్రయాణంలో ఉన్న రోజు మాత్రం 3 జీబీ దాటుతోంది. రోజుకి 2 జీబీ ప్లాన్ తీసుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీకు అది నప్పదు. 28 రోజులకి 56 జీబీ ఇచ్చినట్టు కనిపిస్తుంది, కానీ వాడనిది ఏ రోజుకారోజు పోతుంది. ప్రయాణం రోజున మాత్రం సాయంత్రానికే అయిపోయి టెన్షన్ పెడుతుంది. నెలంతటికీ కలిపి 20, 25 జీబీ ఇచ్చేది మీకు హాయి. ముందు ఆ యాప్‌లో ఆటోప్లేని వైఫైలో మాత్రమే అని మార్చండి, 14 కాస్తా బాగా తగ్గుతుంది. వీడియో నాణ్యత కూడా చూసుకోండి. 5 ఎంబీపీఎస్‌తో నడిచే వీడియో గంటకి 2 జీబీ పైనే లాగేస్తుంది. చిన్న తెరమీద 480పీకీ దానికీ తేడా కనిపెట్టడం కష్టం.

ప్లాన్లు పోల్చేటప్పుడు గడువు కూడా ఒకే లెక్కలోకి తెచ్చుకోండి. 28 రోజులది ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి.

ఇంకొకరు:
ట్యాబ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇల్లు దాటి ఎప్పుడోగానీ వాడరంటే వైఫైది చాలు, బయట ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి. అయితే సిమ్ లేని ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు. కారులో దారి చూడటానికి కొంటుంటే సిమ్‌దే తీసుకోవాలి. కొన్ని ప్లాన్లలో హాట్‌స్పాట్‌కి వేరే పరిమితి ఉంటుంది, అదీ అడగండి. లాప్‌టాప్ కలిపితే ఆ కనెక్షన్‌ని మీటర్డ్ (డేటాకి పరిమితి ఉన్నది) అని పెట్టండి, లేదంటే విండోస్ అప్‌డేట్లు మీ నెల కోటా మీద పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ట్యాబ్ వైఫైదే ఖాయం చేశాను. ఒక్కటి చెప్పండి, నంబరు వెంటనే కొత్త నెట్‌వర్క్‌కి మార్చేయనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఇప్పుడే వద్దు. మీ ఫోన్‌కి రెండో సిమ్ స్లాటో ఈసిమ్మో ఉంటే, కొత్త నెట్‌వర్క్‌లో అతి తక్కువ గడువు ప్లాన్ వేసి డేటా దానిమీద నడపండి, కాల్స్ పాతదాని మీదే ఉంచండి. పనిదినాల్లో సాయంత్రం రద్దీ వేళ వీడియో కాల్ ఎలా వస్తుందో చూడండి. బాగుంటే అప్పుడు పోర్ట్ పెట్టుకోండి. ఒకసారి మారాక వెంటనే మళ్లీ మారనివ్వకుండా గడువు పెట్టే చోట్లు ఉన్నాయి.