మళ్లీ డీ2 రిసెప్టరేనా? బెంగళూరు ల్యాబుల తెలుగువాళ్లు ఏమంటారు?

బొమ్మసంద్ర_కుర్రాడు: మా ల్యాబ్‌లో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగే మానసిక జబ్బు) మందుకు కొత్త ప్రాజెక్టు మొదలైంది. టార్గెట్ మళ్లీ డీ2, డీ3 రిసెప్టర్లే (మెదడులో డోపమైన్ అనే రసాయనం సంకేతాన్ని అందుకునే తలుపుల్లాంటివి). 1952లో ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ వచ్చినప్పటి నుంచీ ఇదే పాట. 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందిన కోబెన్‌ఫీ అనే మందు డోపమైన్ రిసెప్టర్ల జోలికి పోకుండా మస్కరినిక్ రిసెప్టర్ల (ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనానివి) మీద పనిచేస్తోంది. ఇంకా పాత గనినే తవ్వడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. తిట్టకండి.

ల్యాబ్_పిల్లి: తిట్టను గానీ సగమే చెప్పావు తమ్ముడూ. అదే ఏడాది నవంబరులో ఎమ్రాక్లిడీన్ రెండో దశ ట్రయల్స్‌లో బోల్తా పడింది. అదీ మస్కరినిక్ మందే. అయినా డోపమైన్ రిసెప్టర్లు ఐదు రకాలు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) కోసం చేస్తున్న టావాపాడాన్ డీ1, డీ5 మీద పనిచేస్తుంది, మూడో దశ ఫలితాలు బాగానే వచ్చాయి. డీ2లోనూ పూర్తిగా మూసేయడం వేరు, అరిపిప్రజోల్ అనే మందులా కాస్త తెరిచి ఉంచడం వేరు.

బొమ్మసంద్ర_కుర్రాడు: మరి క్లోజపిన్ సంగతేంటి అక్కా? అదీ స్కిజోఫ్రీనియా మందే. డీ2ను గట్టిగా పట్టుకోదు. అయినా మిగతావి పనిచేయని వాళ్లకు అదే దిక్కు.

ల్యాబ్_పిల్లి: నిజమే. ఆ ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.

నాన్న_కూతురు: మధ్యలో దూరుతున్నా. మా నాన్నగారికి పార్కిన్సన్స్. ప్రమిపెక్సోల్ (మీరనే డీ2, డీ3లనే తట్టిలేపే మందు) డోసు పెంచాక కాఫీ గ్లాసు తొణక్కుండా పట్టుకుంటున్నారని సంబరపడ్డాం. నాలుగు నెలలు తిరక్కుండా అర్ధరాత్రి దుప్పట్లో ఫోను, అందులో ఆన్‌లైన్ రమ్మీ! పెళ్లిళ్లలో కూడా పేకముక్క ముట్టని మనిషి. లక్షన్నర పోయింది. అమ్మ తిట్టని తిట్టు లేదు, పాపం ఆయనకేమో తల ఎత్తుకోలేనంత సిగ్గు. మందు వల్ల అలా కావచ్చని మాకెవరూ చెప్పలేదు. ఇంకో డాక్టరు డోసు మెల్లమెల్లగా తగ్గించాక ఆగింది (ఎవరూ సొంతంగా మానేయకండి, అదీ ప్రమాదమే). ఆ మందుకు అనుమతి వచ్చింది 1997లో. జూదం గోల వైద్య పత్రికల్లో గట్టిగా వినిపించింది 2000 దాటాకే. డీ2నా, మస్కరినిక్కా అన్నది మీ తగువు. ట్రయల్లో ఇంట్లోవాళ్లను ఏం అడుగుతారో అది చెప్పండి.

బొమ్మసంద్ర_కుర్రాడు: మాది ఇంకా ఎలుకల దశే మేడమ్. ఎలుకలకూ జూదం లాంటి పరీక్షలున్నాయి. ఇప్పుడే మా ప్లాన్ తీసి చూశా. నడక, ఒళ్లు బిగుసుకోవడం, బరువు... అన్నీ ఉన్నాయి. అది లేదు.

ల్యాబ్_పిల్లి: సోమవారం మీటింగ్‌లో ముందు అది అడుగు. డబ్బు దండగ సంగతి తర్వాత తేల్చుకుందాం.