వంపు తిరిగిన వేప పలకలు థిక్‌నెస్ ప్లేనర్‌లో చదును కావాలంటే ఏం చేయాలి?

మాది అనంతపురం. పెరట్లో కూలిన వేపచెట్టును సామిల్లులో కోయించి, ఆ పలకలతో భోజనాల బల్ల చేస్తున్నాను. నాన్నగారు నాటిన చెట్టు కాబట్టి ఒక్క పలక కూడా వృథా కాకూడదని నా ఆరాటం. పలకలు 9 అంగుళాల వెడల్పు, 5 అడుగుల పొడవు. నా థిక్‌నెస్ ప్లేనర్, అంటే పలకను రోలర్లతో లాగి పైముఖాన్ని బ్లేడ్లతో చెక్కి మందం సమానం చేసే మిషను, 13 అంగుళాల వెడల్పుది.

ఇక్కడి ఎండకు పలకలు దోనెల్లా వంగాయి, రెండింటికి మెలి కూడా ఉంది. రోలర్లు పలకను అదిమిపట్టి లాగుతాయి. బయటికి రాగానే అది మళ్లీ పాత వంపుకే వస్తుంది. మందం అంతటా సమానమవుతోంది కానీ చదును రావడం లేదు. ముందు ఒక ముఖాన్ని సర్ఫేస్ ప్లేనర్ అనే వేరే మిషను మీద చదునుగా సరిచేయాలి, అది నా దగ్గర లేదు. అందుకే పలకను 18 మి.మీ. ప్లైవుడ్ మీద ఉంచి, లేచిన చోట్ల కింద సన్నని చెక్కముక్కలు దూర్చి పంపాలనుకుంటున్నాను. ఆ ముక్కలు కదలకుండా దేనితో అంటించాలి? గ్లూగన్ జిగురు రోలర్ల ఒత్తిడికి ఆగుతుందా?

ఇంకొకటి. వేపలో పోగు (చెక్కలోని నార) ఒకే దిశలో ఉండదు. ఒక విడతకు అర మి.మీ. మాత్రమే తీస్తున్నా ముడుల దగ్గర పెచ్చులు లేస్తున్నాయి. బ్లేడ్లు కొత్తవే. పలకను కాస్త ఏటవాలుగా పంపితే తగ్గుతుందా, తడిగుడ్డతో తుడిచి పంపితే మేలా? చివరల్లో పడే గుంటల గురించి దిగులు లేదు, కోసేయడానికి పొడవు ఉంచుకున్నాను.

చేతి చిత్రిక పట్టే అనుభవజ్ఞులు ఉంటే దయచేసి చెప్పండి: మెలి ఉన్న ఆ రెండింటినీ మిషనుకు ఇవ్వకముందే అడ్డంగా చిత్రిక పట్టి సరిచేయడం మంచిదా?