ఇప్పుడు చదువుతున్నది: ‘కన్యాశుల్కం’. ఎక్కడో తడబడుతున్నా

ప్రశ్న: మీరంతా ఏం చదువుతున్నారు? నేను ‘కన్యాశుల్కం’ మొదలుపెట్టాను. రెండో అంకంలోనే ఆగిపోయింది బండి. నా కాపీలో ఏడంకాలున్నాయి, ఫ్రెండు దగ్గరున్నదాంట్లో అయిదే. ఏది సరైనది?

జవాబు 1: రెండూ గురజాడవే. అయిదంకాలది 1897 నాటి మొదటి కూర్పు. 1909లో బాగా పెంచి, మార్చి రాసినది ఏడంకాలది. అందరూ మాట్లాడుకునేది దాని గురించే, మీ కాపీయే చదవండి.

జవాబు 2: రెండో అంకంలో ఆగడానికి కారణం చుట్టరికాలండీ. అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి: అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ, పిల్లలు బుచ్చమ్మ, వెంకటేశం, సుబ్బి. వెంకమ్మ తోడబుట్టినవాడు కరటక శాస్త్రి. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి. సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇవ్వకుండా ఆపడానికి కరటక శాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేయిస్తాడు. ఈ ముడి పట్టుకుంటే మిగతాది పరుగే.

జవాబు 3: మనసులో చదవకండి, పైకి చదవండి. విజయనగరం మాట కంటికి అడ్డం పడుతుంది గానీ చెవికి ఇట్టే అందుతుంది. తెలియని మాటకల్లా నిఘంటువు తీస్తే హాస్యం చచ్చిపోతుంది; గుర్తు పెట్టుకుని, రంగం అయ్యాక చూడండి. గిరీశం ఇంగ్లీషు మాత్రం దాటేయొద్దు, సగం వేళాకోళం అందులోనే ఉంది.