సెప్టెంబర్ కేకుల ఉదయం: ఎవరు ఏ పని చూసుకుందాం?

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. మన బర్మింగ్‌హామ్ సంఘం కేకుల ఉదయానికి హాలు ఖాయమైంది. సెప్టెంబర్ చివరి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా మనది, కార్యక్రమం పదిన్నరకి మొదలు. ముందురోజు శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు హాలు వంటగది కూడా ఇస్తామన్నారు. కేకులు అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం, క్యాన్సర్ రోగులకి తోడుండే మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్‌కి పంపిస్తాం. తండ్రి క్యాన్సర్‌తో పోయాక డగ్లస్ మాక్‌మిలన్ అనే యువకుడు 1911లో మొదలుపెట్టిన సంస్థ అది. కాఫీ, కేకులతో విరాళాలు సేకరించే వాళ్ల కాఫీ మార్నింగ్ 1990లో ఒక చిన్న కార్యక్రమంగా మొదలై, మరుసటి ఏడాదికి బ్రిటన్ అంతా పాకింది. మన సంఘంలో రెండు కుటుంబాలకి మాక్‌మిలన్ నర్సులు ఎంత తోడుగా నిలబడ్డారో మీలో చాలామందికి తెలుసు.

ఈసారి ఒక మార్పు అడుగుతున్నాను. గతేడాది అందరం ఇళ్లలో కేకులు చేసి, డబ్బాల్లో తెచ్చి బల్ల మీద పెట్టాం. చాలామంది పెట్టేసి వెళ్లిపోయారు కూడా. పదకొండు గంటలప్పుడు ఒక తల్లి ఏడెనిమిదేళ్ల బాబుతో వచ్చింది. బాబు క్యారెట్ కేకు చూపించాడు. "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని ఆమె అడిగింది. నేను పక్కవాళ్లని అడిగాను, వాళ్లు ఇంకొకరిని అడిగారు. ఎవరికీ తెలియదు. ఆమె "పర్వాలేదండీ" అని టీ తీసుకుని, బాబుకి తన బ్యాగులోంచి అరటిపండు తీసిచ్చింది. ఆ పిల్లాడు పండు తింటూ కేకు వైపే చూస్తున్నాడు. అది నేను మర్చిపోలేకపోతున్నాను.

అందుకే శనివారం సాయంత్రం కలిసి చేద్దామంటున్నాను. ఒకే వంటగదిలో, ఒకరి చేతిలో గిన్నె ఇంకొకరి చేతిలో గరిటె ఉంటే, ఏ కేకులో ఏముందో అందరికీ తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మూడేళ్లుగా ఒకే వీధిలో ఉంటూ పలకరింపు దగ్గరే ఆగిపోయినవాళ్లం ఒక సాయంత్రమంతా కలిసి గడుపుతాం. ఎవరెవరు రాగలరో చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:

అక్కా, చాలా బాగుంది. కానీ మా చిన్నది ఆరు నెలలది, సాయంత్రం నేను రాలేను. ఇంట్లో చేసి తెస్తే తీసుకుంటారా? ఇంట్లో చేసినవి అమ్మడానికి కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని ఎవరో అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

ఆహార నియమాలు చూసుకునే సభ్యుడు:

టెన్షన్ పడకమ్మా. క్రమం తప్పకుండా, వ్యాపారంలా చేసేవాళ్లకే ఆ రిజిస్ట్రేషన్. మనలాగా ఎప్పుడో ఒకసారి సేవా కార్యక్రమానికి ఇంట్లో చేసి తెచ్చేవాళ్లకి అక్కర్లేదు. హైజీన్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. శుభ్రంగా, సురక్షితంగా చేయాల్సిన బాధ్యత మాత్రం మనదే. బనానా బ్రెడ్ ఓవెన్‌లో గంటసేపు పడుతుంది కాబట్టి అలాంటివి ఇళ్లలో చేయడమే మంచిది. నువ్వు అది తీసుకో.

ఇక లేబుళ్ల సంగతి. 2016లో నటాషా ఎడ్నాన్ లాపెరూస్ అనే, నువ్వులు పడని పదిహేనేళ్ల అమ్మాయి, పిండిలో నువ్వులు కలిపిన శాండ్‌విచ్ తిని చనిపోయింది. ప్యాకెట్ మీద నువ్వుల మాటే లేదు. ఆమె తల్లిదండ్రులు పోరాడితే కొత్త నియమం వచ్చి, 2021 అక్టోబర్ 1 నుంచి అమలవుతోంది. అమ్మేచోటే ముందుగా ప్యాక్ చేసి పెట్టే ఆహారం మీద పదార్థాలన్నీ రాయాలి, అలర్జీ కలిగించేవి ప్రత్యేకంగా కనబడాలి. ఇది ఫుడ్ వ్యాపారాలకి వర్తిస్తుంది, మనలాంటి ఒకరోజు కార్యక్రమానికి తప్పనిసరి కాదు. అయినా మనం ప్రతి కేకుకీ కార్డు రాద్దాం. గతేడాది ఆ బాబు గురించి చదివాక దీని మీద వాదన ఉండదనుకుంటున్నాను.

అలర్జీ కలిగించే పదార్థాల ఇక్కడి జాబితాలో 14 ఉన్నాయి. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, కానీ మన వంటగదిలో దొర్లే పొరపాట్లు కొన్ని చెప్తాను. వేరుశనగ, నట్స్ (బాదం, జీడిపప్పులాంటివి) రెండూ వేర్వేరు అలర్జీలు, రెండింటినీ విడివిడిగా రాయాలి. నువ్వులు, ఆవాలు, సోయా జాబితాలో ఉన్నాయి. ఓట్స్ కూడా గ్లూటెన్ (గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్) ధాన్యాల కిందకే వస్తాయి, కాబట్టి ఓట్స్‌తో ఫ్లాప్‌జాక్ బిళ్లలు చేసేవాళ్లు మర్చిపోవద్దు. కొబ్బరి జాబితాలో లేదు, అయినా వేస్తే రాయండి, కొందరికి అదీ పడదు. కారం బిస్కెట్లలో ఇంగువ వేసేవాళ్లు డబ్బా వెనక చదవండి. చాలా ఇంగువ పొడుల్లో గోధుమ పిండి కలిపి ఉంటుంది.

ఎవరూ "గ్లూటెన్ ఫ్రీ" అని రాయొద్దు. ఆ మాట వాడాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. గోధుమ పిండి గాలిలో తేలుతున్న గదిలో ఆ హామీ మనం ఇవ్వలేం. "గోధుమ పిండి వేయలేదు, కానీ గోధుమ వాడిన వంటగదిలోనే చేశాం" అని ఉన్నదున్నట్టు రాస్తే, తినాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.

పిన్ని, వంటగది బాధ్యత:

నేను నాలుగింటికే వచ్చేస్తాను. ఓవెన్ ఒక్కటే ఉంది, లోపల వేడిగాలి తిప్పే ఫ్యాన్ ఓవెన్. 180 డిగ్రీలు అని రాసి ఉన్న రెసిపీకి 160 పెట్టాలి, అది గుర్తుంచుకోండి. అరకి రెండు చొప్పున నాలుగు 20 సెంటీమీటర్ల టిన్నులు పడతాయి. విడతకి నలభై నిమిషాలు వేసుకుంటే మనకి ఆరు విడతలు.

అసలు చిక్కు గుడ్డు లేని కేకులతో వస్తుంది. మనలో సగం ఇళ్లవాళ్లు గుడ్డు తినరు కాబట్టి కనీసం మూడు విడతలు అవే చేయాలి. పెరుగులో వంట సోడా పడగానే పొంగడం మొదలవుతుంది. ఓవెన్ ఖాళీ అయ్యేదాకా ఆ పిండిని అరగంట పక్కన పెడితే గాలంతా పోయి కేకు అట్టలా వస్తుంది. అందుకని పొడి పదార్థాలు ఒక గిన్నెలో, తడివి ఇంకో గిన్నెలో కొలిచి పెట్టుకోండి. ముందు విడత బయటికి తీస్తున్నానని నేను కేకేసినప్పుడే కలపండి. వెన్న బదులు నెయ్యి వేసేవాళ్లు కాస్త తగ్గించండి. వెన్నలో ఐదో వంతు దాకా కొవ్వు కానిదే ఉంటుంది, అందులో ఎక్కువ నీళ్లే. నెయ్యి దాదాపు అంతా కొవ్వే.

మధ్యలో జామ్ పెట్టే విక్టోరియా స్పాంజ్ కేకుకి కొలతలు వెతుక్కోనక్కర్లేదు. గుడ్లు పెంకుతో సహా తూచండి, అంతే బరువు వెన్న, చక్కెర, సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ కలిపి అమ్మేది). ఉడికిందో లేదో చూడటానికి పుల్ల గుచ్చడం ఒక్కటే కాదు. చెవి దగ్గర పెట్టుకుని వినండి. లోపల పచ్చి ఉంటే సన్నగా చిటచిటలాడుతుంది, ఉడికితే ఆ చప్పుడు తగ్గిపోతుంది. నలభై ఏళ్ల క్రితం నాకిది మా పక్కింటి ఇంగ్లీషావిడ నేర్పింది. అప్పటికి నాకు సరిగ్గా ఇంగ్లీషు రాదు. ఆవిడ టిన్ను నా చెవి దగ్గర పెట్టి, వేలు పెదాల మీద ఉంచి "ష్" అంది. అలా మొదలైన స్నేహం ఆవిడ పోయేదాకా ఉంది. శనివారం పిల్లలకి నేను ఇదే నేర్పుతాను.

పిల్లలు పచ్చి పిండి నాకకుండా చూడండి. గుడ్డు లేకపోయినా పచ్చి గోధుమ పిండి కడుపులోకి వెళ్లకూడదు. వాళ్లకి కాల్చిన బిస్కెట్లు అలంకరించే పని ఇద్దాం.

హాలు తాళాలు చూసుకునే సభ్యుడు:

పిన్నిగారూ, గుడ్డు లేని కేకుల మాట వచ్చింది కాబట్టి మన బర్మింగ్‌హామ్ సంగతి ఒకటి చెప్పాలి. ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఇక్కడ మందుల దుకాణం నడిపిన ఆయన ఉండేవాడు. భార్యకి గుడ్లు పడవు, ఈస్టు కూడా పడదు. ఆవిడ కోసమే 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. మన ఊళ్లోని డిగ్‌బెత్‌లో మనం చూసే కస్టర్డ్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆ కంపెనీదే. ఇంట్లో ఒక్క మనిషి తినలేకపోతోందని ఆయన అంత శ్రమపడ్డాడు. ఈ నాలుగు ముక్కలు ఒక కార్డు మీద రాసి గుడ్డు లేని కేకుల బల్ల మీద పెడితే, వచ్చిన ఇరుగుపొరుగువాళ్లతో మాట కలపడానికి వీలుగా ఉంటుంది.

అలంకరణ సామాను కొనేవాళ్లకి ఒక మాట. మార్ష్‌మెలోల్లో, జెల్లీ స్వీట్లలో చాలావరకు జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే. కేకు మీద చల్లే ఎర్ర రంగు పలుకుల డబ్బా మీద E120 అని ఉంటే అది పురుగుల నుంచి తీసిన రంగు. శాకాహారులు, ముస్లిం ఇరుగుపొరుగు ఇద్దరూ వస్తున్నారు కాబట్టి ఈ రెండూ లేనివే తెండి.

కోశాధికారి:

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. కేకుకి ఇచ్చిన డబ్బు కొనుగోలు కిందకి వస్తుంది, దానికి గిఫ్ట్ ఎయిడ్ (విరాళం మీద కట్టిన పన్నుని ప్రభుత్వం సేవాసంస్థకి ఇచ్చే పథకం) వర్తించదు. అదికాక ఎవరైనా విడిగా విరాళం ఇస్తే వర్తిస్తుంది. పది పౌండ్లు ఇస్తే ప్రభుత్వం నుంచి ఇంకో రెండున్నర పౌండ్లు సంస్థకి అందుతాయి. అందుకని రెండు డబ్బాలు వేర్వేరుగా పెడతాను, విరాళాల డబ్బా పక్కన ఫారాలు ఉంటాయి. ఇక్కడ ఆదాయపు పన్ను కట్టేవాళ్లే సంతకం చేయాలి. ఇండియా నుంచి పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల చేత చేయించకండి. సంస్థ క్లెయిమ్ చేసిన దానికంటే తక్కువ పన్ను కట్టి ఉంటే ఆ తేడా సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది.

రాఫిల్ (లక్కీ డ్రా) టికెట్లు హాల్లో, ఆ ఉదయమే అమ్మాలి. ముందుగా ఇళ్లకి తీసుకెళ్లి అమ్మితే వేరే నియమాలు వర్తిస్తాయి. నాణేలు నేను తెస్తాను. డబ్బు లెక్కపెట్టేటప్పుడు నా పక్కన ఇంకొకరు ఉండాలి, నా మాట నమ్మినా సరే.

కొత్తగా వచ్చిన విద్యార్థి:

నమస్కారం అండీ. నాకు కేకులు చేయడం రాదు. ఊరికి వచ్చి మూడు వారాలే అయింది, ఎవరూ తెలియదు. ఏదైనా పని ఉంటే చేస్తాను.

సమన్వయకర్త:

తమ్ముడూ, నువ్వు రావాలి, తప్పకుండా. శనివారం కార్డులు రాసే పని నీకిస్తాను. ప్రతి గిన్నె దగ్గరికీ వెళ్లి "ఇందులో ఏం వేశారు?" అని అడిగి రాసుకోవాలి. ఎనిమిది గంటలకల్లా గదిలో అందరి పేర్లూ నీకు తెలుస్తాయి, నీ పేరు వాళ్లకి తెలుస్తుంది. ఆదివారం బల్ల దగ్గర ఉండేది కూడా నువ్వే, ఎందుకంటే ప్రతి కేకు గురించీ చెప్పగలిగేది నువ్వొక్కడివే.

మిగతావాళ్లకి నాలుగు మాటలు. తాజా క్రీమ్ కేకులు వద్దనుకుంటున్నాను. అవి ఫ్రిజ్ బయట నాలుగు గంటలకి మించి ఉండకూడదు, హాలు ఫ్రిజ్ చిన్నది. బటర్ క్రీమ్, జామ్ చాలు. చిన్న బల్లలు వేస్తే ఎవరి వాళ్లతో వాళ్లు కూర్చుంటారు, అందుకని హాలు మధ్యలో ఒకటే పొడుగు బల్ల వేద్దాం. టీ పాట్లు ఆ బల్ల మీదే ఉంటాయి, ఒకరికొకరు పోసుకోవాలి. మొదటి గంట ఇంటికి ప్యాకింగ్ వద్దు. డబ్బు కాస్త తగ్గుతుందేమో అని కోశాధికారి గారు అన్నారు, కానీ కూర్చుని తిన్నవాళ్లే మళ్లీ వస్తారని నా నమ్మకం. హాలు వెనక ఫ్లాట్లలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్నారు. ఈ వారంలో వాళ్ల తలుపులు తట్టి పిలవడానికి ఇద్దరు కావాలి. ఆ తల్లికీ బాబుకీ కబురు నేను పంపిస్తాను, వాళ్లు మా పిల్లల స్కూలే.

ఇంకా మిగిలినవి: శనివారం గిన్నెలు కడగడం, ఆదివారం తొమ్మిదిన్నరకి బల్లలు వేయడం.

ఇద్దరు పిల్లల తల్లి:

గిన్నెలకి మా ఆయన వస్తాడు, చెప్పేశాను. ఫ్లాట్ల తలుపులు తట్టడానికి నేను, పాపని స్ట్రోలర్‌లో వేసుకుని వెళ్తాను. పిన్నిగారూ, మీరు కూడా నాతో వస్తారా?

పిన్ని, వంటగది బాధ్యత:

వస్తానమ్మా. బుధవారం పదింటికి మీ గుమ్మం దగ్గరికే వస్తాను.