ఒత్తిడి స్టడీలో ఆనందమైడ్: రక్తంలో కొలిస్తే మెదడు సంగతి తెలుస్తుందా?

పీజీ_ఫార్మకాలజీ:
ఎలుకలను ట్యూబులో బంధిస్తే అమిగ్డలాలో (మెదడులో భయం, ఆందోళనలను చూసే భాగం) ఆనందమైడ్ (శరీరమే తయారు చేసుకునే గంజాయిలాంటి రసాయనం) పడిపోతుందని రివ్యూల్లో ఉంది. మనుషులను జనం ముందు మాట్లాడించి, లెక్కలు చేయించే ట్రయర్ టెస్ట్‌లో మాత్రం రక్తంలో అది పెరిగిందని 2012 పేపర్. ఏది పట్టుకోవాలి? డిప్రెషన్ పేషెంట్ల మీద థీసిస్‌కి ఈ కొలత పెట్టుకోవచ్చా? శాంపిల్ ఎలా తీయాలి?

సినాప్స్:
రెండూ నిజమేనండి, చోట్లే వేరు. ఒత్తిడి మొదలవగానే అమిగ్డలాలో సీఆర్‌హెచ్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలై ఎఫ్ఏఏహెచ్ ఎంజైమును ఎగదోస్తుంది. అది ఆనందమైడ్‌ను విరిచేస్తుంది, ఒత్తిడి మీద అది వేసే బ్రేకు వదులవుతుంది, హెచ్‌పీఏ యాక్సిస్ (మెదడు నుంచి అడ్రినల్ గ్రంథి దాకా ఉన్న ఒత్తిడి హార్మోన్ల గొలుసు) అందుకుంటుంది. కాస్త ఆలస్యంగా వచ్చిన కార్టికోస్టిరాన్ (ఎలుకల ఒత్తిడి హార్మోన్) హైపోథాలమస్‌లో 2-ఏజీని (ఆనందమైడ్ లాంటిదే మరో రసాయనం) పెంచుతుంది. 2-ఏజీ సినాప్స్‌లో వెనక్కి వెళ్లి సీబీ1ను (గంజాయి కూడా పనిచేసే రిసెప్టర్) తాకి, నాడులను ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను తగ్గిస్తుంది. ఒత్తిడి చల్లారడంలో దీనికి పెద్ద పాత్ర ఉంది. రక్తంలో కనిపించేదానిలో కొవ్వు, కండరం, రక్తకణాల వాటా కూడా ఉంటుంది. కాబట్టి థీసిస్‌లో "అమిగ్డలాలో తగ్గింది" అని మాత్రం రాయకండి.

ల్యాబ్_బెంచ్:
ఇలాంటి స్టడీలు చెడేది రక్తం తీసిన తొలి అరగంటలోనే. ట్యూబు బయట ఊరికే ఉంచితే కణాలు ఆనందమైడ్‌ను తయారు చేస్తూనే ఉంటాయి. ఆలస్యమైన శాంపిల్ ఎక్కువ చూపిస్తుంది, అది జబ్బు వల్ల అనుకుంటాం. సీరం వద్దు, గడ్డకట్టడానికే టైమ్ పడుతుంది. చల్లబరిచిన ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని) ట్యూబులో తీసి ఐసులో పెట్టి, వెంటనే 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ప్లాస్మాను చిన్న భాగాలు చేసి మైనస్ 80లో దాచండి. కరిగించి మళ్లీ గడ్డకట్టించొద్దు.

2-ఏజీ నిల్వలో తనంతట తానే 1-ఏజీగా మారిపోతుంది, రెండు పీకులూ కలిపి రాయండి. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్‌ను, అంటే పోల్చుకోవడానికి తెలిసిన మోతాదులో కలిపే పదార్థాన్ని, ఎక్స్‌ట్రాక్షన్‌కి ముందే కలపాలి, తర్వాత కలిపితే పోయినదెంతో తెలియదు. కొలవడానికి యాంటీబాడీలతో పనిచేసే ఎలైసా కిట్ కాదు, అణువులను బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ వాడండి. అందరికీ ఒకే టైమ్‌కి తీయండి: 2-ఏజీ నిద్రలో తక్కువ, మధ్యాహ్నానికి ఎక్కువ. ఆ పూట వ్యాయామం చేసి వస్తే ఆనందమైడ్ పెరిగి ఉంటుంది.

సైకియాట్రీ_ఓపీ:
మూడ్‌తో దీని సంబంధానికి మనుషుల్లో అన్నిటికంటే గట్టి సాక్ష్యం రిమోనాబాంట్. ఊబకాయానికి రోజుకు 20 మి.గ్రా. మోతాదులో ఇచ్చే, సీబీ1ను మూసేసే ఈ మందుకు 2006లో యూరప్‌లో అనుమతి వచ్చింది. డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల వల్ల 2008లో ఆపేశారు. మన దేశంలో 2009లో నిషేధించారు.

అలాగని సీబీ1ను ఎంత రేపితే అంత మేలు అనుకోకూడదు. షికాగో ప్రయోగంలో 7.5 మి.గ్రా. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఒత్తిడిని తగ్గిస్తే, 12.5 మి.గ్రా. మూడ్‌ను చెడగొట్టింది. రోజూ గంజాయి తాగేవాళ్లలో సీబీ1 రిసెప్టర్లు తగ్గి ఉంటాయి, మానేశాక నాలుగు వారాల్లో చాలావరకు కోలుకుంటాయి. కనీసం అన్ని వారాలు దూరంగా ఉన్నవాళ్లనే తీసుకోండి, యూరిన్ టెస్ట్ పెట్టండి. "గంజాయి తాగుతారా?" అంటే లేదనే వాళ్లే భంగు, విజయ నూనె (గంజాయితో చేసే ఆయుర్వేద నూనె) సంగతి విడిగా అడిగితే చెబుతారు. కుదిరితే ఎఫ్ఏఏహెచ్ జీన్‌లో సీ385ఏ మార్పు కూడా చూడండి. అది ఉన్నవాళ్లలో ఆనందమైడ్ పుట్టుకతోనే ఎక్కువ, వాళ్లు ఏ గ్రూపులో ఎక్కువమంది పడితే ఆ సగటు పైకి లేస్తుంది.